రాబోవు ప్రాసెసరు – నేటి మెమరీ



2025వ సంవత్సరమున దసరా పండుగకు పది దినములు ముందుగా, మా గోదావరిఖనిలో తమ్ముని వరుస యగు ఒక గని కార్మికుడు తన కుమార్తెను వెంటబెట్టుకొని మా యింటికి వచ్చెను. ఆ బాలిక మంథని జే.ఎన్.టీ.యూ. ఇంజనీరింగు కళాశాలలో మూడవ సంవత్సరము చదువుచుండెను. ఆమె నన్నడిగిన ప్రశ్న యొక్కటే: "పెద్దనాయనా, ల్యాప్‌టాప్ ఇప్పుడే కొనమంటవా, కొత్త ప్రాసెసర్లు వచ్చేదాక ఆగమంటవా?" తండ్రి ప్రక్కనుండి మెల్లగా ననెను: "ఏడాదికొక్కపారి వచ్చే పైసలన్నా. ఆగం కావద్దు."

ఈ ప్రశ్నకు నేనిచ్చిన సమాధానము తప్పయినది. అది యెట్లు తప్పయినదో, దానివలన నేనేమి నేర్చుకొంటినో తమకు విన్నవించుటయే నేటి నా ప్రసంగము. ఇట్టి ప్రశ్న నేడు అనేక గృహములలో పుట్టుచున్నది గనుక ఇది కేవలము మా యింటి ముచ్చట యని తాము భావింపరని నమ్ముచున్నాను.

ముందుగా ఆ పైకము మాట. సింగరేణి సంస్థ తన లాభములలో కొంత భాగమును కార్మికులకు పంచుట యేటేట జరుగుచున్న ఆచారము. 2024-25వ సంవత్సరపు లాభములలో విస్తరణ పనులకు కేటాయించినది పోగా మిగిలిన దానిలో 34 శాతము పంచుదుమని 2025 సెప్టెంబరులో ప్రకటింపబడెను. కార్మికునికి సగటున రూ.1,95,610 వచ్చునని లెక్క తేలెను. సగటు సగటే; ఎవరి మస్టర్లనుబట్టి వారికి వచ్చును. మా తమ్ముడు తొలుత తట్టతో బొగ్గెత్తి టబ్బులు నింపినవాడు. పిదప లోడరు యంత్రము నడపుట నేర్చినవాడు. ఆ పైకములో అప్పుల వారికి కొంత, పండుగకు కొంత పోగా, పిల్ల చదువుకై ఒక భాగమును విడిగా నుంచెను. ఆ భాగము ఒక్క పర్యాయమే వ్యయము కాగలదు. అందుచేతనే ఆ ప్రశ్న.

నన్నే యేల అడిగిరనగా, నేను గని సర్వే కార్యాలయములో ముప్పది రెండేండ్లు పనిచేసి విరమించినవాడను. ట్రేసింగు గుడ్డపై గని పటములు గీయుటతో ఆరంభించి, తుదకు కంప్యూటరుపై గీసితిని. కావున ఇట్టి యంత్రముల విషయము నాకు తెలియునని మా కాలనీలో ఒక నమ్మకము కలదు. ఆ నమ్మకమును నిలుపుకొనవలె నను కోరికయే నన్ను తొందరపెట్టినది కాబోలు.

ప్రాసెసరునకును మెమరీకిని గల సంబంధమును ఆ బాలికకు నేను మన గని భాషలోనే చెప్పితిని. తమకును అట్లే చెప్పెదను. భూగర్భమున ఫేసు వద్ద బొగ్గు కోయు యంత్రము ప్రాసెసరు వంటిది. కోయబడిన బొగ్గును పైకి మోయు కన్వేయరు బెల్టు, మెమరీకిని ప్రాసెసరునకును నడుమనున్న మార్గము వంటిది. బొగ్గు నిలువచేయు బంకరు, మెమరీ పరిమాణము వంటిది. కోయు యంత్రము గంటకు వెయ్యి టన్నులు కోయగలిగినను, బెల్టు నాలుగు వందల టన్నులే మోయగలిగినచో పైకి వచ్చునది నాలుగు వందలే. ఈ మాట గనిలో పని చేసినవారెవ్వరికిని క్రొత్త కాదు. కాని అంగడిలో ల్యాప్‌టాప్ కొనువారు సామాన్యముగా కోయు యంత్రము పేరే అడుగుదురు. బెల్టు వెడల్పు అడుగువారు అరుదు.

ఈ బెల్టును లెక్కించుట కష్టము కాదు. సాధారణమైన ల్యాప్‌టాప్‌లలో ఆ మార్గము 128 బిట్ల వెడల్పు కలిగియుండును. 2025 జనవరిలో ఏ.ఎం.డీ. సంస్థ ప్రకటించిన రైజెన్ ఏ.ఐ. మ్యాక్స్ ప్లస్ 395 అను ప్రాసెసరులో అది 256 బిట్లు. దానికి జతపరచిన మెమరీ సెకనుకు 800 కోట్ల పర్యాయములు కదలును. 256ను 8చే భాగించినచో 32 బైట్లు. వానిని 800 కోట్లచే గుణించినచో సెకనుకు 256 గిగాబైట్లు. ఇదియే దాని బెల్టు మోత. దాని బంకరు గరిష్ఠముగా 128 గిగాబైట్లు. చిత్రములను గీయు భాగమును, లెక్కలు చేయు భాగమును ఆ యొక్క బంకరునే పంచుకొనును.

ఇక మరియొక మార్పు కలదు, అది ముఖ్యమైనది. పూర్వము ల్యాప్‌టాప్ అడుగు మూత విప్పినచో మెమరీ పలకలకు గాళ్లు కనబడెడివి. తక్కువ మెమరీతో కొని, రెండేండ్ల పిమ్మట చేతిలో పైకమున్నప్పుడు మరియొక పలక చేర్చుకొనెడివారము. వేగము పెరిగినకొలది ఈ వెసులుబాటు తగ్గుచు వచ్చినది. దూరమెక్కువైనచో సంకేతము చెదరును, విద్యుత్తు అధికముగా వ్యయమగును. కావున మెమరీని ప్రాసెసరు చెంతనే టంకముతో అతికించుచున్నారు. ఆపిల్ సంస్థ 2020 నవంబరులో ఎం1 అను ప్రాసెసరుతో మెమరీని ప్రాసెసరు పొట్లములోనే చేర్చెను. ఇంటెల్ సంస్థయు 2024 సెప్టెంబరులో లూనార్ లేక్ అను శ్రేణిలో అదే పని చేసి, 16 లేక 32 గిగాబైట్లు మాత్రమే లభించునట్లు చేసెను. కాని దానివలన లాభము తగ్గుచున్నదని, ముందు శ్రేణులలో ఆ పద్ధతి విడుతుమని కొలది కాలమునకే చెప్పెను. పైన చెప్పిన ఏ.ఎం.డీ. ప్రాసెసరు విషయములోను మెమరీ పలకపై అతికింపబడియే వచ్చును.

దీని ఫలితమేమి? మెమరీ ఎంత యను నిర్ణయము కొనునాడే జరిగిపోవును. తరువాత మార్చుటకు వీలులేదు. ఈ సంగతి నాకు పుస్తకముల వలన కాక అనుభవము వలన తెలిసినది. 2021లో మా మేనల్లునికి పొదుపు పేరిట 8 గిగాబైట్ల యంత్రము కొనిపించితిని. "చాలకున్నచో పిదప పెంచుకొందమురా" అంటిని. ఏడాదిన్నరకు అది చాలలేదు. బాగుచేయు కుర్రవాడు మూత విప్పి, నాకు చూపించి, మరల మూసివేసెను. గాడి లేదు. ఆ నాటినుండి మా మేనల్లుడు నన్నేమియు అనలేదు గాని, యంత్రము నెమ్మదించినపుడెల్ల నావైపు చూచెడివాడు.

ఈ పశ్చాత్తాపమే 2025లో నాచేత రెండవ తప్పు చేయించినది. మొదటిసారి తక్కువ కొనిపించితిని గనుక, ఈసారి మిక్కిలి గొప్పది కొనిపింపవలెనని తలచితిని.

ఆ దినములలో రాబోవు ప్రాసెసర్ల గూర్చి వదంతులు విశేషముగా వ్యాపించుచుండెను. ఏ.ఎం.డీ. వారి ముందుతరము ప్రాసెసరునకు మెడూసా హేలో యను పేరు చెప్పుకొనిరి. బెల్టు వెడల్పు 256 నుండి 384 బిట్లకు పెరుగునని కొందరు, పెరుగదని కొందరు. క్రొత్త జాతి మెమరీ వచ్చునని కొందరు, పాతదే యుండునని కొందరు. 2025 సెప్టెంబరు 18న ఎన్‌విడియా సంస్థ ఇంటెల్‌లో 500 కోట్ల డాలర్లు పెట్టుబడి పెట్టి, ఇరువురి పనితనము కలిసిన ప్రాసెసర్లు చేయుదుమని ప్రకటింపగా ఊహలకు మరింత బలము చేకూరెను. ఇవి వచ్చినచో నేటి గొప్ప యంత్రముల వెల తగ్గుననియు, 2026 జనవరిలో లాస్ వేగస్ నగర ప్రదర్శన ముగియువరకు ఓపిక పట్టుట వివేకమనియు పలువురు వ్రాసిరి. నేనును ఆ మాటయే చెప్పితిని: "మూడు నెలలు ఆగుడు. వెల తగ్గును, వస్తువు హెచ్చును."

వారు నా మాట విని ఆగిరి. పైకము బ్యాంకులో నుంచిరి.

ఇక జరిగినది వినుడు. ఆ శరత్కాలమునందే మెమరీ వెలలు పెరుగసాగెను. కొలది మాసములలో కొన్ని రకముల మెమరీ పలకలు రెండింతలు, మూడింతలు ప్రియమైనవి. కారణము ల్యాప్‌టాప్‌లు కావు. కృత్రిమ మేధ కొరకు దేశదేశములలో కట్టుచున్న మహా యంత్రశాలలు. వానికి కావలసిన మెమరీ వేరు జాతి. పొరపై పొర పేర్చి చేయబడునది. అట్టి మెమరీ ఒక గిగాబైటు చేయుటకు, సాధారణ మెమరీ మూడు గిగాబైట్లకు పట్టునంత సిలికాను పలక పట్టునని మైక్రాన్ సంస్థవారే చెప్పియున్నారు. లోకమందలి మెమరీలో అత్యధిక భాగమును చేయువారు సామ్‌సంగ్, ఎస్.కే. హైనిక్స్, మైక్రాన్ అను మూడు సంస్థలు. ఆ మూడును లాభమెక్కువ యున్న వైపునకు మరలినచో, మన వంటి వారి బంకరునకు మిగులునది తక్కువ. 2025 డిసెంబరు 3న మైక్రాన్ సంస్థ, క్రూషియల్ అను పేర సామాన్య వినియోగదారులకు మెమరీ అమ్ము వ్యాపారమునే విరమించుచున్నట్లు ప్రకటించెను. ఆ డిసెంబరులోనే డాలరు విలువ 90 రూపాయలు దాటెను. ఈ రెండును కలిసి మన అంగడికి చేరుటకు ఆలస్యము కాలేదు.

2026 జనవరిలో లాస్ వేగస్ ప్రదర్శన జరిగినది. ఇంటెల్ వారి క్రొత్త కోర్ అల్ట్రా శ్రేణి వెలువడినది. ప్రాసెసర్లు మెరుగయినవి. కాని లక్ష్మీనగర్ అంగడిలో, సెప్టెంబరులో మేము చూచిన యంత్రమునకే పదునెనిమిది వేల రూపాయలు అధికముగా అడిగిరి. అంగడివానిపై కోపించుటకు కారణము లేదు. అతనికిని హెచ్చు వెలకే వచ్చుచున్నది. నేను ప్రాసెసరు వదంతులను శ్రద్ధగా చదివితిని. మెమరీ వార్తలను చదువలేదు. కోయు యంత్రమును చూచి బెల్టును మరచుట ఇతరుల తప్పని చెప్పిన నేనే ఆ తప్పు చేసితిని.

మెమరీ వెలకు ఒక స్వభావము కలదు; దానిని ముందే తలచియుండవలసినది. అది ఎప్పుడును ఒక్కరీతిగా నుండదు. 1993 జూలైలో జపాను దేశమందలి నీహామా పట్టణములో సుమిటోమో రసాయనముల కర్మాగారమున ప్రేలుడు సంభవించెను. చిప్పుల పొట్లములు చేయుటకు వలసిన జిగురు పదార్థములో అధిక భాగము అచటనే తయారగుచుండెను. నిజముగా సరకు కొరవడక మునుపే భయమువలన మెమరీ వెలలు కొలది వారములలో ఇంచుమించు రెట్టింపయ్యెను. దీనికి విరుద్ధముగా 2023లో సరకు పేరుకొనిపోయి వెలలు కూలగా, మైక్రాన్ సంస్థ ఆ ఆర్థిక సంవత్సరమున 580 కోట్ల డాలర్లకు పైగా నష్టపోయెను. ఒకసారి కరవు, ఒకసారి వరద. కర్మాగారము కట్టుటకు ఏండ్లు పట్టును. గిరాకి మారుటకు నెలలు చాలును. అందుచేత ఈ ఎగుడుదిగుడులు తప్పవు.

ఇక వెల నిర్ణయములో రెండవ భాగమున్నది. అది తయారీ వ్యయము కాదు, సంస్థ ఇష్టము. మన బొగ్గునకు ఉష్ణశక్తిని బట్టి జీ1 మొదలు జీ17 వరకు గ్రేడులు కలవు. ఏ గ్రేడు ఎందుకు ప్రియమో ఎవరైనను కొలిచి చూచుకొనవచ్చును. ల్యాప్‌టాప్ మెమరీకి అట్టి కొలత లేదు. ఆపిల్ వారి ఎం1 మ్యాక్‌బుక్ ఎయిర్‌లో 8 నుండి 16 గిగాబైట్లకు పోవుటకు మన దేశమున రూ.20,000 అదనముగా చెల్లింపవలసియుండెను. 2024 అక్టోబరులో అదే సంస్థ, వెల పెంచకయే, ఎయిర్ యంత్రములలో కనీస మెమరీని 16 గిగాబైట్లు చేసెను. 8 గిగాబైట్ల అసలు వ్యయము అంతకుముందు ఇరువదివేలు కాదనుట స్పష్టమే కదా. అతికించిన మెమరీకి పోటీదారుడు లేడు. కావున అమ్మువాడు చెప్పినదే వెల. ఫ్రేమ్‌వర్క్ అను సంస్థ 2025 ఫిబ్రవరిలో పైని ఏ.ఎం.డీ. ప్రాసెసరుతో ఒక బల్లపై కంప్యూటరు ప్రకటించినప్పుడు, 64 గిగాబైట్లకు 1,599 డాలర్లు, 128కి 1,999 డాలర్లు వెల పెట్టెను. ప్రాసెసరు ఒక్కటే, భేదము 400 డాలర్లు, అంతయు మెమరీదే. గొప్ప ప్రాసెసరు వెల యని మనమనుకొనునది చాల భాగము దాని చెంతనున్న మెమరీ వెలయే.

ఈ సంగతులన్నియు నేను జనవరిలో ఆ బాలికకు చెప్పి, "అమ్మా, తప్పు నాది" యంటిని. ఆమె నవ్వి, ఒక కాగితము నా ముందుంచెను. ఆ మూడు నెలలలో ఆమె చేసిన పని అందున్నది.

ఆమె చేపట్టిన విషయమిది. మా ప్రాంతపు వృద్ధ కార్మికుల మాటలను శబ్దరూపమున నిలిపి, వానిని యంత్రముచే వ్రాతగా మార్చుట. తట్టా చెమ్మాసు కాలపు మాటలు నేటి పిల్లలకు తెలియవు. ఆ వృద్ధులు ఒక్కొక్కరుగా పోవుచున్నారు. ఆమె తాతయు అందొకడు. మాటను వ్రాతగా మార్చుటకు ఓపెన్ ఏ.ఐ. వారు 2022లో అందరికిని ఇచ్చివేసిన విస్పర్ అను నమూనాను ఆమె ఎంచుకొనెను. అందలి పెద్ద నమూనాలో ఇంచుమించు 155 కోట్ల అంకెలు. ఒక్కొక్క అంకెకు రెండు బైట్లు. వెరసి మూడు గిగాబైట్లకు కొంచెము పైన. వ్రాతను సవరించుటకు 800 కోట్ల అంకెల భాషా నమూనాను కుదించి వాడినచో మరి నాలుగైదు గిగాబైట్లు. తక్కిన పనులకు అయిదారు. "16 చాలు పెద్దనాయనా. 128 ఎవలకు గావాలె?" అనెను.

"మరి పెద్ద నమూనాలు?" అని నేనడిగితిని. దానికిని ఆమె లెక్క కట్టియుండెను. 7,000 కోట్ల అంకెల నమూనా, ఒక్కొక్క అంకెను నాలుగు బిట్లకు కుదించినను, 35 గిగాబైట్లుండును. ఒక్కొక్క మాట ముక్క పలుకుటకు ఆ 35 గిగాబైట్లను ఒకసారి బెల్టుపై మోయవలెను. సెకనుకు 256 మోయు గొప్ప యంత్రమైనను సెకనుకు ఏడు ముక్కలకు మించి పలుకజాలదు. "అంత పైస పెట్టి ఇంత మెల్లగ వింటనా?" అని ఆమె ప్రశ్న. నమూనాకు క్రొత్తగా నేర్పు బరువు పనిని కళాశాల యంత్రముపై రాత్రివేళ చేయుటకు అనుమతి కోరియుండెను.

తుదకామె కొన్నది గొప్ప ప్రాసెసరు కాదు. రెండు గాళ్లున్న మధ్యరకపు యంత్రము. ఒక గాడిలో 16 గిగాబైట్లు, రెండవ గాడి ఖాళీ. వెలలు దిగినప్పుడు దానిని నింపుకొందునని చెప్పెను. ఒక గాడియే నిండియున్నందున బెల్టు సగము వెడల్పుననే నడచునని నేను హెచ్చరించితిని. "తెలుసు పెద్దనాయనా, మెల్లగైనా మోస్తది" అనెను. తండ్రి మిగిలిన పైకమును లెక్కించి జేబులో పెట్టుకొని, నాతో నేమియు అనలేదు. సెప్టెంబరులోనే ఈ లెక్క కట్టియున్నచో మరికొంత మిగిలెడిది. అది నా ఖాతాలోనిది.

శ్రోతలారా, రాబోవు వస్తువును గూర్చి ఊహించుట దోషము కాదు. అందు తెలివియు, ఆనందమును గలవు. కాని ఊహలన్నియు ఒక తూకమువి కావు. బెల్టు వెడల్పు, మెమరీ జాతి వంటి వానిని గూర్చిన ఊహను లెక్కకు పెట్టి కొంతవరకు పరీక్షింపవచ్చును. క్రొత్త మెమరీ జాతికి నియమావళి 2025 జూలైలో ప్రకటింపబడినది గనుక, అది యెన్నడో యొకనాడు యంత్రములలోనికి వచ్చుననుటలో వింత లేదు. ఎప్పుడు వచ్చునను ఊహ అంతకంటె బలహీనము. ఎంత వెలకు వచ్చునను ఊహ అన్నిటికంటె బలహీనము. ఏలయన ఆ వెల ప్రాసెసరు చేయువాని చేతిలో మాత్రమే లేదు. సముద్రములకావల ఎవరో కట్టు యంత్రశాల, డాలరు మారకము, మూడు సంస్థల లాభనష్టములు, ఇవన్నియు కలిసి దానిని నిర్ణయించును.

కావున ల్యాప్‌టాప్ కొనదలచిన వారికి నా మనవి మూడు మాటలు. మొదట మీ పనికి ఎన్ని గిగాబైట్లు వలయునో కాగితముపై లెక్కకట్టుడు. పిమ్మట, ఆ యంత్రపు మెమరీ అతికింపబడినదా, గాడిలో నున్నదా యని అంగడిలో అడుగుడు. అతికించినదైనచో లెక్కకు కొంత మించియే కొనుడు. గాడిలోనిదైనచో లెక్కకు సరిపోవునంత చాలును. మూడవది, పని ముందున్నచో వదంతికై ఆగకుడు. పని లేనిచో ఎంతకాలమైనను ఆగవచ్చును.

ఆ బాలిక యంత్రము తెచ్చుకొన్న వారమునకే తన తాతచే రెండు గంటలు మాటలాడించి భద్రపరచినది. ఆ వృద్ధుని దగ్గు నడుమ నడుమ మాటలను మింగివేసినది. యంత్రము అనేక పదములను తప్పుగా వ్రాసినది. ఆమె వానిని దిద్దుచున్నది. మూడు నెలలు ముందుగా మొదలుపెట్టియున్నచో ఆయన గొంతు మరికొంత బలముగా నుండెడిదని నాకు తోచుచున్నది.

ఇక సెలవు.